ఏడాదిలో ఫోర్క్ సీల్ రెండుసార్లు పోయింది, తప్పు బండిదా నాదా?

ఎర్రమట్టి_200:
అన్నలూ, పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో 200 సీసీ ఆఫ్‌రోడ్ బండి తీసుకున్నా. ఆదివారాలు వికారాబాద్ వైపు, అనంతగిరి కింద మట్టిదారుల్లో తిప్పుతా, అంతే. 9 వేల కిలోమీటర్లు కూడా కాలేదు, ముందు ఫోర్క్ సీల్ (ముందు చక్రం షాక్ గొట్టాల్లోంచి ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు) రెండుసార్లు, వెనక చక్రం బేరింగ్ ఒకసారి పోయాయి, ఇప్పుడు చైన్ సెట్ కూడా మార్చాలంటున్నాడు మెకానిక్. నిన్న చూస్తే చిన్న స్ప్రాకెట్ వెనక ఆయిల్ చెమ్మ. మొరటుగా ఏం వాడను. వచ్చిన ప్రతిసారీ వాటర్ సర్వీసింగ్‌లో మట్టి లేకుండా కడిగిస్తా, చైన్ కాస్త కూడా వేలాడకుండా బిగించి పెడతా. మా నాన్నేమో 'నా బండి ఇరవై ఏళ్లు తిరిగిందిరా, ఇదేం బండి' అని రోజూ ఒకటే పాట. ఈ బండ్లే ఇంతా, లేక నాకు అంటగట్టారా?

షెడ్డు_మావ:
నీ బండి జబ్బంతా నీ పోస్టులోనే ఉంది అల్లుడూ. కడగడం, చైన్ బిగించడం.

చైన్ సంగతి ముందు. ఈ బండ్లకి వెనక షాకబ్జర్ చాలా లోతుకి దిగుతుంది. దిగేటప్పుడు చిన్న స్ప్రాకెట్, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చెయ్యి) బోల్టు, వెనక ఇరుసు మూడూ ఒకే గీత మీదకి వచ్చిన చోట చైన్ అన్నిటికంటే బిగుస్తుంది. నువ్వు స్టాండ్ మీదే బిగించేస్తే గుంతలో పడ్డప్పుడు దానికి సాగే దారి లేక గేర్‌బాక్స్ షాఫ్ట్‌ని వెనక్కి గుంజుతుంది. అక్కడి ఆయిల్ సీల్ కోసుకుపోతుంది, ఆ చెమ్మ దానిదే అయ్యుంటుంది. స్టాండ్ మీద చైన్ వదులుగానే కనిపించాలి, ఎంతో స్వింగార్మ్ మీద స్టిక్కర్‌లోనో మాన్యువల్‌లోనో ఉంటుంది, చూసుకో.

ఇక ఆ ప్రెషర్ గన్ను. బేరింగ్ సీల్ దుమ్మునీ వాననీ ఆపుతుంది గానీ జానెడు దూరం నుంచి కొట్టే నీళ్లని ఆపదు. లోపల గ్రీజు పోయి తుప్పు పడుతుంది. మొన్న ఒకాయన చక్రం తెచ్చాడు, బయట అద్దంలా ఉంది, బేరింగ్‌లో వేలు పెట్టి తిప్పితే ఇసక నలిగినట్టు గరగర. బకెట్టు నీళ్లు, గుడ్డ, పాత బ్రష్ చాలు.

టెక్సాస్_450:
మా దగ్గర మోటోక్రాస్ (మట్టి ట్రాక్ రేసు) బండ్లకి కిలోమీటర్లు చూడరు, ఇంజన్ నడిచిన గంటలు లెక్కేస్తారు, దానికో మీటరే ఉంటుంది. ఇంజన్‌లో పట్టేదే లీటరు అటూ ఇటూ ఆయిల్, అదీ కొన్ని గంటలకే మార్చాలి, పిస్టన్ కూడా గంటల లెక్కన మార్చేదే. మీ 200 ఆ జాతి కాదు బ్రో, రోడ్డు ఇంజన్‌కి పొడుగు కాళ్లు పెట్టిన బండి, ఇంజన్ చాలా ఏళ్లు వస్తుంది, పోయేవన్నీ బయటి సామానే. ఒక్క ఎయిర్ ఫిల్టర్ మాత్రం వదలకండి. అది సరిగ్గా కూర్చోక దుమ్ము లోపలికి పోతే సిలిండర్ అరిగిపోతుంది, అప్పుడు రోడ్డు ఇంజన్ అయినా ఒకటే. స్పోక్స్ కూడా రైడ్ అయ్యాక పానాతో తట్టి వినండి, వదులైనది మొద్దుగా పలుకుతుంది.

సీల్ కొత్తది వేసే ముందు ఒక పని చేయండి. సీల్ మీదుండే దుమ్ము రబ్బరు ఊడదీసి పక్కకి జరిపి, పాత కెమెరా ఫిల్మ్ ముక్క సీల్ అంచులోకి దూర్చి రాడ్డు చుట్టూ తిప్పండి. చాలాసార్లు సీల్ చిరగదు, ఎండిన మట్టి రేణువు ఇరుక్కుని కారుతుంది. ఈలోపు ఆ ఆయిల్ డిస్కు మీద పడకుండా చూసుకోండి, బ్రేక్ ప్యాడ్లు పీల్చుకుంటే బ్రేకు పట్టదు.

ఎర్రమట్టి_200:
రెండు వారాల తర్వాత రాస్తున్నా. నాన్న బీరువాలో పాత నెగెటివ్ దొరికింది (ఎవరి ఫోటోనో చూసే ధైర్యం చేయలేదు). ఎడమ ఫోర్క్‌లో తిప్పితే ఎర్రటి బురద గీతలా బయటికొచ్చింది, మర్నాటి నుంచి కారడం లేదు. కుడిది ఆగలేదు. రాడ్డు మీద గోరు పెట్టి లాగితే ఒకచోట తగులుతోంది, రాయి గీత. మెకానిక్ సన్న ఎమరీ పేపర్‌తో నున్నగా చేసి కొత్త సీల్ వేస్తానన్నాడు, ఫోర్క్‌లకి రబ్బరు గెయిటర్లు (రాడ్డుని కప్పే ముడతల తొడుగులు) కూడా చెప్పా. చైన్ వదులు చేశా మావా, కానీ స్ప్రాకెట్ వెనక చెమ్మ అలాగే ఉంది.

షెడ్డు_మావ:
ఉంటుంది. కోసుకుపోయిన సీల్ మళ్లీ అతుక్కోదు కదా. కొత్త చైన్ సెట్ వేసేటప్పుడే అదీ మార్పించు, షాఫ్ట్ చేత్తో పట్టుకుని ఊపి చూడమను, ఆడుతోందంటే లోపల బేరింగ్ కూడా అయిపోయినట్టే.