కొత్తపట్నం వైపు తెరచాప తెప్ప కట్టే పెద్దలు ఎవరైనా ఉన్నారా?

ఒంగోలు దగ్గరి కొత్తపట్నంలో పుట్టి, న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో స్థిరపడి, సెలవు దొరికితే చాలు తెరచాప పడవెక్కి సముద్రంలోకి వెళ్లే మా మేనమామ నిరుడు కాలం చేశారు. ఊళ్లు తిరగడం ఆయనకు వ్యసనమే. జీతంలో సగం ప్రయాణాలకే పోయేదని అత్తయ్య ఇప్పటికీ అంటుంది. అయినా తనకు గాలివాటం నేర్పింది మాత్రం తేలిక కలప దుంగలను పక్కపక్కన పేర్చి తాడుతో బిగించి కట్టిన మన తెప్పేనని చెప్పేవారు. ఒక ఉత్తరం అంచున ఆ ముడిని పెన్సిల్‌తో గీసి పంపారు గానీ, కాగితం మడతలో అది సగం చెరిగిపోయింది.

సంవత్సరీకం నాటికి మూరెడు తెప్ప నమూనా చేయించి ఆయన పటం ముందు ఉంచాలని మా కోరిక. ఇప్పుడు తీరంలో ఇంజను బిగించిన ఫైబర్ పడవలే ఎక్కువ. కొత్తపట్నం నుంచి రామాయపట్నం వరకు ఆ ముడి వేసి తెరచాప అమర్చగల పెద్దలు మీ ఎరుకలో ఉంటే, ఏ పాలెంలో కలవవచ్చో దయచేసి తెలియజేయగలరా?