అప్‌డేట్: మే తర్వాత మాయమైన క్రాపీ చేపలు దొరికాయి

డల్లాస్ పక్కన లేక్ రే హబ్బర్డ్‌లో మార్చిలో గట్టు దగ్గరే దొరికిన క్రాపీలు మే దాటాక ఎటు పోయాయని అడిగాను కదా, దొరికాయండీ. మీలో చాలామంది చెప్పినట్టే గుడ్లు పెట్టడం అయిపోయాక లోతుకు జరిగి, వంతెన స్తంభాల నీడలో గుంపుగా ఉన్నాయి.

అసలు తేడా ఎర లోతులో వచ్చింది. క్రాపీ కళ్లు పైకి చూసేలా ఉంటాయి, తనకన్నా కిందున్న ఎర కోసం దిగడం తక్కువ, కాబట్టి సోనార్‌లో (నీటి కింద చేపల్ని చూపే పరికరం) చేప 15 అడుగుల దగ్గర కనిపిస్తే జిగ్‌ని (బరువు ఉన్న గాలం ఎర) 13, 14 దగ్గరే ఆపాలి. ఎండాకాలం మరీ అడుగున ఆక్సిజన్ తక్కువ, అక్కడ వేసి కూర్చుంటే టైమ్ వేస్ట్. చేప పడ్డాక గట్టిగా లాగొద్దు, నోరు పల్చన, చిరిగిపోతుంది.

క్రాపీలో వైట్, బ్లాక్ అని రెండు రకాలు, నావి ఏవని అడిగినవాళ్లకు: రంగు చూసి చెప్పకండి, గూడు కాసే సీజన్‌లో మగ వైట్ క్రాపీ కూడా నల్లబడుతుంది. వీపు రెక్క ముళ్లు లెక్కపెట్టండి, 5 లేదా 6 అయితే వైట్, 7 లేదా 8 అయితే బ్లాక్. నావి ఎక్కువగా వైటే.

10 అంగుళాల లోపువి వదిలేశాను, టెక్సాస్ రూల్ అది. మిగతావి వేపుడు. కొరమీనుకు ఏం తీసిపోదని మా ఆవిడ అంటోంది, నేనైతే ఒప్పుకోను.

రాత్రిపూట ఆకుపచ్చ లైటు నీళ్లలోకి దించి చేపలు పట్టేవాళ్లు ఎవరైనా ఉంటే, దోమల సంగతి ఏం చేస్తున్నారో చెప్పండి.