మూడు వందల ఏళ్ల తరువాతి యంత్రం నేటి కంప్యూటర్‌లా ఉండవచ్చా?

ప్రశ్న: కొత్త కథకుడు

నేను వ్రాస్తున్న నవల ఇప్పటికి సుమారు మూడు వందల ఏళ్ల తరువాత, అంగారకుడి దిశగా వెళ్లే ఒక నౌకలో జరుగుతుంది. అందులోని ఇంజనీరు తెర ముందు కూర్చొని ఆదేశాలు టైపు చేస్తుంది, ఫైళ్లు వెదుకుతుంది, యంత్రం మొరాయించినప్పుడు ఆపి మళ్లీ ఆన్ చేస్తుంది. చిత్తుప్రతి చదివిన మిత్రుడు "ఇది భవిష్యత్తు కాదు, మా ఆఫీసు" అన్నాడు. ఆ దృశ్యాలన్నీ తీసివేసి, స్ఫటికంలో ఆలోచనలు సాగే ఒక కొత్త యంత్రాన్ని కల్పించాను. తీరా చూస్తే, అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో నాకే తెలియకపోవడంతో, కథలో చిక్కుముడి పడిన ప్రతిచోటా అదే వచ్చి విప్పేస్తున్నది. భవిష్యత్తు యంత్రం నేటి కంప్యూటర్‌ను ఎంతవరకు పోలి ఉండవచ్చునో, ఎక్కడ పోలికను వదిలివేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

సమాధానం: పుస్తకాల పురుగు

మీ మిత్రుని అభ్యంతరం సబబే గాని, మీరు వేసిన మందు రోగం కంటే ప్రమాదకరంగా ఉంది. తన కాలపు యంత్రాన్ని పూర్తిగా మరచి ఊహించడం ఎవరికీ సాధ్యం కాదు. 1945లో పూర్తయిన తొలితరం కంప్యూటర్ ఎనియాక్‌లో స్విచ్‌లుగా పనిచేసే గాజు గొట్టాలు, అంటే వాక్యూమ్ ట్యూబులు, దాదాపు 18,000 ఉండేవి, అది ఒక పెద్ద గదిని ఆక్రమించేది; తరువాతి కథలలో తెలివైన యంత్రమంటే భవనమంత, ఒక్కోచోట గ్రహమంత పెద్దదిగా కనిపించడం ఆ చూపు ప్రభావమేనని నా అభిప్రాయం. ఒక్క సలహా: మెమరీ పరిమాణాన్ని, వేగాన్ని అంకెలలో చెప్పకండి. కథలో అన్నిటికంటే ముందు పాతబడేవి అవే.

సమాధానం: పాత ప్రోగ్రామర్

టైపు చేయడం ఉండాలా వద్దా అన్నది చిన్న విషయం. పాతది కొత్తదాని అడుగున ఎలా మిగిలిపోతుందన్నది మీకు ఎక్కువ పనికివస్తుంది. 1928లో ఐబీఎం సంస్థ తన పంచ్ కార్డులో (రంధ్రాలతో సమాచారాన్ని నమోదు చేసే అట్టముక్కలో) 80 నిలువు వరుసలు పెట్టింది. కార్డులు పోయాయి, వాటి తరువాత వచ్చిన టెర్మినళ్లు (తెర, కీబోర్డు ఉన్న పరికరాలు) వరుసకు 80 అక్షరాలు చూపాయి, అవీ పోయాయి, ప్రోగ్రాము వ్రాసేటప్పుడు వరుస 80 అక్షరాలు దాటరాదన్న నియమం మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ కారణం తెలియకుండానే దానిని పాటించాను.

1977లో బయలుదేరిన మానవరహిత అంతరిక్ష నౌక వాయేజర్ 1 సంగతి కూడా చూడండి. 2023 నవంబరులో అది అర్థం లేని సంకేతాలు పంపడం మొదలుపెట్టింది. ఒక మెమరీ చిప్ చెడిపోయి, అందులోని ప్రోగ్రాము భాగం పనికిరాకుండా పోయిందని ఇంజనీర్లు తేల్చారు. ఆ భాగమంతా పట్టేంత ఖాళీ ఒకేచోట లేనందున, దానిని ముక్కలు చేసి, వేర్వేరు చోట్ల సర్ది, అవన్నీ కలిసి పనిచేసేలా సరిదిద్దారు. ఆదేశం అక్కడికి చేరడానికి 22 గంటలకు పైగా, ఫలితం తెలియడానికి మరో 22 గంటలకు పైగా వేచి ఉండవలసి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో అర్థమయ్యే సమాచారం తిరిగి వచ్చింది. మీ ఇంజనీరు ఆపి ఆన్ చేయడానికి బదులు ఇటువంటి పని చేస్తే, దానిని ఆఫీసు అని ఎవరూ అనరు.

సమాధానం: భౌతికశాస్త్ర విద్యార్థి

వాయేజర్ ఉదాహరణ చక్కనిదే గాని ఇక్కడ అంతగా అతకదు. దాని దగ్గరకు వెళ్లి చిప్ మార్చే వీలు లేదు కనుకనే అంత శ్రమ. మనుషులున్న నౌకలో పాడైన భాగాన్ని తీసి కొత్తది పెడతారు. అలవాటు వల్ల మిగిలినవి మూడు వందల ఏళ్లు నిలుస్తాయని నేను నమ్మను.

నిలిచేవి వేరే ఉన్నాయి. ఏ ప్రోగ్రామునైనా పరిశీలించి అది ఎప్పటికైనా ఆగుతుందో లేదో తేల్చగల సార్వత్రిక పద్ధతి లేదని 1936లో గణిత శాస్త్రవేత్త ట్యూరింగ్ చేసిన పని నుండి తెలుస్తుంది; వేగం ఎంత పెరిగినా ఇది మారదు. ఒక బిట్ (0 లేదా 1) సమాచారాన్ని చెరిపితే కొంత వేడి వెలువడక తప్పదని 1961లో భౌతిక శాస్త్రవేత్త లాండవర్ వాదించాడు. నేటి యంత్రాలు ఆ కనీస స్థాయికి చాలా ఎగువన ఉన్నాయి గాని, స్థాయి అంటూ ఒకటుంది. శూన్యంలో వేడిని మోసుకుపోయే గాలి ఉండదు కనుక, ఎక్కువగా ఆలోచించే యంత్రానికి వేడిని వికిరణం చేసే పెద్ద పలకలు కావాలి. భూమికీ అంగారకుడికీ మధ్య సంకేతానికి ఒకవైపే 3 నుండి 22 నిమిషాలు పడుతుంది. స్ఫటికాన్ని నిక్షేపంగా ఉంచుకోండి, కాని అది వేడెక్కాలి, కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోవాలి.

సమాధానం: పాత ప్రోగ్రామర్

భాగాలు మారుస్తారు, నిజమే. ప్రోగ్రామును ముట్టుకోవడానికే జంకుతారు. 1959లో రూపుదిద్దుకున్న కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వ్రాసినవి నేటికీ బ్యాంకులలో నడుస్తున్నాయి. వాటిని నడిపే యంత్రాలు మాత్రం ఎన్నో సార్లు మారాయి.

కొత్త కథకుడు

ఇద్దరి మాటా తీసుకుంటున్నాను. స్ఫటికం ఉంటుంది; అది ఎక్కువసేపు ఆలోచిస్తే పలకలు ఎర్రబడతాయి కనుక, ఏ ప్రశ్న అడగాలో నౌకలోని వారు ముందుగా తమలో తాము వాదించుకోవలసి వస్తుంది. ఆపి ఆన్ చేసే దృశ్యం పోయింది. టైపు చేసే దృశ్యం ఒక్కటి ఉంచాను: స్ఫటికం అడుగున, మాటలు అర్థం కాని పాత పొర ఒకటి మిగిలి ఉంటుంది, దానితో అక్షరాలలోనే వ్యవహరించాలి. ఆ పొరను వ్రాసినదెవరో నౌకలో ఒక్కరికైనా తెలిసి ఉండాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.