సమస్య: వంకరైన దారె వడిగఁ జేర్చె

నల్లగొండ (సమస్య ఇచ్చినవారు):
ఆటవెలది నాలుగో పాదం ఇది. మా బడి వరండాలో షాబాదు బండల మీద అట్టతో ఒక తిన్నని దారి, ఒక వంపు దారి చేసి పిల్లలు రెంటి మీదా ఒకే ఎత్తు నుంచి బొమ్మకార్లు వదులుతుంటే తట్టింది. ఏ విషయమైనా తీసుకోండి, పాదం మాత్రం నిజం కావాలి.

అచ్చంపేట:
నల్లమలల లోన నడచిపోయినకంటె
ఘాటు రోడ్డు మీదఁ గారు హాయి
మలుపు మలుపు తిరిగి మల్లన్న గుడిదాక
వంకరైన దారె వడిగఁ జేర్చె

నల్లగొండ:
యతులు హాయిగా పడ్డాయన్నా. మూడో పాదం చదివితే మన్ననూరు దాటిన బస్సులో కూర్చున్నట్టే ఉంది. అయితే ఘాట్ రోడ్డు వంకర తిరిగేది తొందరగా చేర్చడానికి కాదు. దూరం పెంచి చడావు తగ్గించడానికి. అక్కడ గెలిచింది ఇంజను.

మిర్యాలగూడ:
రెండు కార్లలోన రెట్టింపు వేగాన
గీత దాటె నొకటి గిరగిరమని
పొంగిపోయె బుడత, బొమ్మ బండి గెలువ
వంకరైన దారె వడిగఁ జేర్చె

నల్లగొండ:
అక్కా, బుడత పొంగిపోవడం ఎంత బాగుందో! 'రెట్టింపు వేగాన' దగ్గర మాత్రం ఆగిపోయాను. రెండు కార్లూ ఒకే ఎత్తు నుంచి ఒకే మట్టానికి దిగాయి. రాపిడి లెక్కలోకి తీసుకోకపోతే గీత దగ్గర రెండింటి వేగమూ సమానమే. తేడా అంతా సమయంలో ఉంది. వంపు దారి మొదట్లోనే నిలువుగా దిగుతుంది, కారు ముందే వేగం అందుకుంటుంది, మిగతా దూరం ఆ ఊపుతోనే పోతుంది. అందుకే దారి కాస్త పొడవైనా ముందొస్తుంది. అసలు వేగం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు పెంచాలి. ఎత్తును రెట్టింపు చేస్తే వచ్చేది దాదాపు 1.4 రెట్లే. మొదటి పాదం ఇలా మారిస్తే?

రెండు కార్లలోన రెప్పపాటు మునుపు

మిర్యాలగూడ:
మార్చుకున్నాను సార్. ఇంతకీ మీ పూరణ ఏది?

నల్లగొండ:
ఒక్క యెత్తునుండి యొక్కసారి వదల
తిన్ననైన దారిఁ దీరుబడిగ
వచ్చె నొకటి, ముందె పల్లమందు దుమికి
వంకరైన దారె వడిగఁ జేర్చె

"దారి సక్కగ కాకుండ గుంతలెక్క వంచితే ఏమైతది సార్?" అని ఏడో తరగతి పిల్ల అడిగింది. అట్టతో రెండు దారులు చేసి, నెట్టకుండా, అడ్డం పెట్టిన స్కేలు ఒకేసారి తీశాం. ఐదుసార్లూ వంపు దారి కారే ముందొచ్చింది. 1696లో యోహాన్ బెర్నూలీ అనే స్విస్ గణితజ్ఞుడు తోటి గణితజ్ఞులకు పూరించమని ఇచ్చిన సమస్య కూడా ఇదే: ఏ దారిన జారితే అన్నిటికన్నా ముందు చేరతాం? జవాబు తిరగేసిన సైక్లాయిడ్. సైక్లాయిడ్ అంటే దొర్లే చక్రం అంచు మీది చుక్క గీసే వంపు. ఆ పిల్ల ప్రశ్న అక్కడిదాకా వెళ్లింది.

పాలమూరు:
పద్యం బాగుంది సార్, కానీ దుమికింది కారు, చేర్చింది దారి. 'దుమికి' అన్నాక కర్త మారకూడదు కదా.

నల్లగొండ:
నిజమే, నా కంటికి ఆనలేదు. 'పల్లమందు దుముక' అంటే గణం చెడదు, అన్వయమూ కుదురుతుంది. దిద్దుకుంటున్నాను.