'పలువురితో నిగ్రహించి'యా, 'విగ్రహించి'యా?

అట్లతద్ది: మా బాబాయి డల్లాస్‌లో ఉంటారు. అమెరికా అధ్యక్షుణ్ణి ఎలక్టోరల్ కాలేజీ, అంటే రాష్ట్రాలవారీగా ఉండే ఎలక్టర్ల ఓట్ల ద్వారా ఎన్నుకోవడమే సబబని ఆయన, దేశం మొత్తం ఓట్లు లెక్కపెట్టి ఎక్కువ వచ్చినవాళ్లకు ఇవ్వాలని నేను, ఫోన్లో పట్టుకున్నాం. మధ్యలో ఆయన సుమతీ శతకంలోని 'బలవంతుడ నాకేమని' ఎత్తుకుని, రెండో పాదం 'పలువురితో విగ్రహించి' అని చదివారు. నాకు బళ్లో నేర్పింది 'నిగ్రహించి'. విగ్రహమైతే, అందరితో తగువుకు దిగే సర్పం కాలిఫోర్నియా, చిన్న రాష్ట్రాలు చలిచీమలు. నిగ్రహమైతే, ఎక్కువమంది మాటను అణిచేసే ఆ పద్ధతే సర్పం. ఏది సరైన పాఠం? చివరి పాదం 'చేఁ జిక్కి'యో 'చేతఁ జిక్కి'యో అదీ అనుమానమే.

యతిభంగం: చివరిది తేలిక. 'చేఁ జిక్కి' అంటే ఆరో గణంలో ఒక మాత్ర తగ్గుతుంది. చలిచీ, మలచే, తఁజిక్కి: జగణం హాయిగా కూర్చుంది. ని, వి దగ్గర మాత్రం ఛందస్సు మనకు సాయం రాదు. యతి ప-ప, ప్రాస లకారం. ఆ అక్షరం జోలికి రెండూ రావు.

గోదారిగట్టు: ఛందస్సు రాకపోతే వ్యాకరణం వస్తుంది. నిగ్రహించు సకర్మకం. 'నిగ్రహానుగ్రహ సమర్థుడు' అంటాం, శిక్షించనూ గలడు, కరుణించనూ గలడు అని. కాబట్టి 'పలువురిని నిగ్రహించి' అనాలి. 'తో' వచ్చిందంటే అది సంధివిగ్రహాల్లోని విగ్రహమే, పోరు. ఎవరో రాయసగాడి చేతిలో 'వి' జారి 'ని' అయిందని నా నమ్మకం.

రేకుపెట్టె: నమ్మకం సరే, ఏ ప్రతిలో చూశారండీ ఆ 'వి'? మా తాతగారి శతకాల పుస్తకంలో 'ని' శుభ్రంగా ఉంది. అన్వయం చూసుకోండి: 'పలువురితో పలుకుట మేలా'. ఆ 'తో' పలకడానిది. మధ్యలో 'నిగ్రహించి' అంటే దబాయించి. బలం చూసుకుని పదిమందితో దబాయించి మాట్లాడకు అని. అక్షరం కదపనక్కర్లేదు.

గోదారిగట్టు: దబాయించడం ఏ నిఘంటువులోదో చెబితే నేనూ రాసుకుంటాను. ఈ పద్యానికి మూలం అనదగ్గది పంచతంత్రంలో ఉంది, 'బహవో న విరోద్ధవ్యాః'. అక్కడ కూడా మహాసర్పాన్ని చీమలే తింటాయి. పలువురితో విరోధం వద్దు అని సూటిగా ఉంది. విరోధానికి దగ్గర నిగ్రహమా, విగ్రహమా?

లెక్కలమాస్టారు: మీ 'ని' సంగతి నాకు తెలీదు గానీ కాలిఫోర్నియాను పాము చేయడం అన్యాయం. 2020 జనాభా లెక్కల ప్రకారం వయోమింగ్‌లో ఒక్కో ఎలక్టరుకు 1.92 లక్షల మంది, కాలిఫోర్నియాలో 7.32 లక్షల మంది. ఎవరి ఓటుకు బరువెక్కువ?

డల్లాస్ బాబాయి: అమ్మాయి లింకు పంపితే వచ్చాను. మాస్టారూ, అది సమాఖ్య. సెనేట్‌లో వయోమింగ్‌కీ ఇద్దరే, కాలిఫోర్నియాకీ ఇద్దరే. ఆ లెక్కే ఎలక్టర్లలోకి వచ్చింది. ఇంకోటి, 2000లో తేడా 537 ఓట్లు, ఫ్లోరిడా ఒక్కదానితోనే తలనొప్పి. దేశమంతా ఒకే లెక్కయి తేడా స్వల్పంగా ఉంటే ప్రతి కౌంటీలో మళ్లీ లెక్కపెట్టాలి. ఆ టెన్షన్ మీరు పడతారా? పద్యం మాత్రం మా నాన్నగారు 'విగ్రహించి' అనే చదివేవారు.

లెక్కలమాస్టారు: బాబాయిగారూ, మీ టెక్సాస్ ఓటు కోసం ఏ అభ్యర్థయినా ఊరూరా తిరిగాడా? అందరూ పెన్సిల్వేనియాకే పరుగు. ఈ పద్ధతి కాపాడేది చిన్న రాష్ట్రాన్ని కాదు, ఎటు మొగ్గుతుందో తెలియని రాష్ట్రాన్ని. వయోమింగ్ మొహం ఎవరూ చూడరు. 1787లో కూడా చిన్న రాష్ట్రాల మీద ప్రేమ ఒక్కటే కాదు కారణం. బానిసలకు ఓటు లేదు, ఎలక్టర్ల లెక్కలో మాత్రం అయిదింట మూడొంతులు కలుస్తారు. దక్షిణాదికి అది లాభం.

పాతచింతకాయ: అందరూ ఒకే చీమ పద్యం పట్టుకు వేలాడుతున్నారు. అదే శతకంలో 'చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు' మర్చిపోయారా? 2016లో క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లొచ్చాయి, పీఠం ట్రంప్‌ది. అంతకుముందు గోర్‌కూ అదే గతి. చీమలు కట్టాయి, పాము దూరింది. చీమకు రెండు పద్యాల్లో రెండు రాతలు రాశాడు చూడండి, బద్దెన అంటే అదీ!

రేకుపెట్టె: బద్దెనే రాశాడా అన్నది ముందు తేలాలి కదా.

పాతచింతకాయ: మొదలెట్టారా. కందాన్ని ఇంత తేటగా నడిపినవాడెవడైనా సరే, ఆయన్నే నేను బద్దెన అంటాను.

యతిభంగం: అమెరికా రాజ్యాంగంలో 'ఎలక్టోరల్ కాలేజీ' అన్న మాటే లేదు, ఎలక్టర్లు అని ఉంటుందంతే. ఆ మాట ఉన్నది మన 54వ అధికరణంలో. 1969లో వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి, ఇద్దరు తెలుగువాళ్లు దాంట్లోనే తలపడ్డారు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కిస్తే గానీ గిరి గెలవలేదు. పార్టీ చెప్పినట్టు కాక మనసు చెప్పినట్టు ఓటెయ్యమన్న 'అంతరాత్మ ప్రబోధం' అప్పటి మాటే. 2016లో ఏడుగురు అమెరికా ఎలక్టర్లు మాట తప్పితే వింతగా చెప్పుకున్నారు.

అట్లతద్ది: ఇంతకీ నియా, వియా?

గోదారిగట్టు: వి.

రేకుపెట్టె: ప్రతి చూపిస్తే ఒప్పుకుంటాను. బాబాయిగారూ, మీ నాన్నగారు చదివిన పుస్తకం ఇంకా ఉందా?

డల్లాస్ బాబాయి: ఉంది, తెనాలిలో అన్నయ్య దగ్గర. అమ్మాయీ, మీ నాన్ననడిగి ఆ పేజీ ఫొటో పెట్టు.

అట్లతద్ది: అడిగాను బాబాయ్. ఆ పేజీకి చెద పట్టింది, 'పలువురితో' వరకే మిగిలిందట.

గోదారిగట్టు: 'తో' ఉందిగా, చాలు. నా వాదన నిలబడింది.

రేకుపెట్టె: ఎలా నిలబడిందండీ?