మెంఫిస్‌కి కొత్తగా వచ్చాను, ఇక్కడి పాట ఎక్కడ వినాలి?

నమస్కారమండీ. ఫెడెక్స్ ప్రాజెక్టు మీద పోయిన వారమే అమెరికాలోని మెంఫిస్‌లో దిగాను, ఊరి శివారు కాలియర్‌విల్‌లో ఉంటున్నాను. ఈ ఊరు పాటలకు పేరంటారు గానీ, గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు తప్ప నాకేమీ తెలియదు. సెలవురోజుల్లో ఎక్కడికి వెళ్ళాలో కాస్త చెప్తారా? కారు ఇంకా కొనలేదు.

జవాబు 1

రా తమ్ముడూ, స్వాగతం. కారు లేకుండా ఈ ఊళ్ళో పని జరగదు. మీ ఆఫీసులో మనవాళ్ళు చాలామందే ఉంటారు, ఎవరినైనా పట్టుకో.

అందరూ గ్రేస్‌లాండ్‌తో, అంటే ఆ ఎల్విస్ ఇంటితోనే, మొదలుపెడతారు. అమ్మానాన్నలు వచ్చినా అదే, బావమరిది వచ్చినా అదే. టికెట్టు ఖరీదెక్కువ, దాన్ని ఆఖర్న పెట్టుకో. ముందు మెక్‌లెమోర్ అవెన్యూలో, స్టాక్స్ అనే పాత రికార్డుల కంపెనీ మ్యూజియానికి వెళ్ళు. అక్కడ ఒకప్పుడు సినిమా హాలుండేది. 1960లో జిమ్ స్టీవర్ట్, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ దాన్ని స్టూడియోగా మార్చారు. కుర్చీలు పీకేశారు గానీ నేల వాలు అలాగే వదిలేశారు. తినుబండారాలు అమ్మే చోట ఆవిడ రికార్డుల కొట్టు పెట్టింది. పాటలు వినడానికి ఆ కొట్టుకొచ్చిన పేట కుర్రాడు బుకర్ టీ జోన్స్, తర్వాత లోపల ఆర్గన్ ముందు కూర్చున్నాడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒక హోటల్లో కలిసి తినడమే గగనమైన రోజుల్లో, ఆ గదిలో కలిసి వాయించారు. గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ పాటల వెనక వినపడేది ఆ జట్టే.

ఆ స్టూడియో బయట వాళ్ళు కలిసి కూర్చోగలిగిన కొద్ది చోట్లలో లొరైన్ మోటల్ ఒకటి. స్టాక్స్ గిటారిస్టు స్టీవ్ క్రాపర్, గాయకుడు ఎడ్డీ ఫ్లాయిడ్ 'నాక్ ఆన్ వుడ్' పాట కట్టింది అక్కడే. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ని 1968 ఏప్రిల్ 4న కాల్చేసిందీ ఆ మోటల్ బాల్కనీలోనే. ఇప్పుడది పౌరహక్కుల మ్యూజియం. స్టాక్స్ చూసిన రోజే అదీ చూడు, విడివిడిగా చూస్తే ఏదీ పూర్తిగా అర్థం కాదు. ఓటిస్ 1967 డిసెంబరులో విమానం కూలి చనిపోయాడు, నాలుగు నెలలకి కింగ్. 1975లో స్టాక్స్ కంపెనీ దివాలా తీసింది. 1989లో ఆ స్టూడియో కట్టడాన్నే కూల్చేశారు! నువ్వు చూసేది 2003లో అదే చోట, వాలు నేలతో సహా, మళ్ళీ కట్టినది. పక్కనే పిల్లలకి సంగీతం నేర్పే అకాడమీ నడుస్తోంది, అదొక ఊరట.

యూనియన్ అవెన్యూలో సన్ స్టూడియో చిన్న గదే. 1954 జులైలో ఎల్విస్ తొలి హిట్టు అక్కడే పాడాడు. చూడ్డానికి ఎక్కువసేపు పట్టదు.

బీల్ స్ట్రీట్ ఇప్పుడు టూరిస్టుల వీధే, అయినా ఒక రాత్రి అక్కడ బ్లూస్, అంటే ఇక్కడి నల్లవాళ్ళ పాత బాణీ పాటలు, వినాలి. బ్యాండువాళ్ళు డబ్బా తిప్పుతారు, మొహమాటపడకుండా నోట్లు వెయ్యి, వాళ్ళ రాబడిలో అదీ భాగమే. పొద్దుపోయాక ఐడీ అడుగుతారు, దగ్గరుంచుకో. కారులో బ్యాగు వదిలి దిగొద్దు. శాకాహారివైతే తినేసి వెళ్ళు, అక్కడంతా బార్బెక్యూ.

జవాబు 2

పై అన్నయ్య అన్నీ డబ్బు పెట్టే చోట్లే చెప్పారు. ఓవర్టన్ పార్క్‌లో 1936లో కట్టిన ఆరుబయలు వేదిక ఉంది, పేరు షెల్. ఎండాకాలం సాయంత్రాల్లో అక్కడ ఉచిత కచేరీలుంటాయి. మడత కుర్చీ, దోమల మందు మర్చిపోకు.

ఇంకొకటి. సోల్ గాయకుడు ఆల్ గ్రీన్ 1976 నుంచి ఇక్కడ ఫుల్ గాస్పెల్ టాబర్నకిల్ చర్చికి పాస్టరు. ఆదివారం ఎవరైనా వెళ్ళొచ్చు, కానీ గుడికి వెళ్ళినట్టు వెళ్ళు. ఫోను పైకెత్తకు, పాటలవగానే లేచి రాకు. ఆయన లేని వారమైనా కోయిర్ (చర్చి పాటల బృందం) ఉంటుంది. గ్రేస్‌లాండ్ ఆ చుట్టుపక్కలే, ఆ మధ్యాహ్నమే అదీ అయిపోతుంది.

షెల్‌కి మేమూ కాలియర్‌విల్ నుంచే వెళ్తుంటాం. కారు కొనేదాకా మాతో వచ్చెయ్యి. పిల్లల సీట్లు రెండున్నాయి, మధ్యలో ఇరుక్కోవాలి మరి.