ఆరోగ్య సేవలకు ఇంపాక్ట్ పెట్టుబడి: తీసుకున్నవాళ్ళు, పెట్టినవాళ్ళు కాస్త చెప్తారా?

మూడో అంతస్తు:
మాది చిన్న సంస్థ అండీ. షుగర్, బీపీలతో గడప దాటలేని పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మందులు వేసుకుంటున్నారా, తింటున్నారా, రోజులో ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడుతున్నారా అని చూసుకుంటాం. ఇన్నాళ్ళూ విరాళాలతో లాక్కొచ్చాం. ఇప్పుడు ఇంపాక్ట్ పెట్టుబడి, అంటే సమాజానికి మేలూ తమకు రాబడీ రెండూ చూసుకునే ఒక ఫండ్ వాళ్ళొచ్చి, మూడేళ్ళ ఖర్చు మేం ముందే పెడతాం, అనుకున్న ఫలితం వస్తే ఇంకొకరు మాకు తిరిగి కడతారు, రాకపోతే నష్టం మాదే అంటున్నారు. వినడానికి మరీ బాగుంది, అందుకే టెన్షన్‌గా ఉంది.

లెక్కల పిచ్చి:
దాన్ని సోషల్ ఇంపాక్ట్ బాండ్ అంటారు. పేరుకే బాండ్, నిజానికి ఫలితాన్ని బట్టి డబ్బు చేతులు మారే ఒప్పందం. మొదటిది 2010లో ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో జైలు దగ్గర మొదలైంది. 17 మంది కలిసి 50 లక్షల పౌండ్లు పెట్టారు, విడుదలైనవాళ్ళు మళ్ళీ నేరం చేయడం 7.5% తగ్గాలన్నది షరతు. 2017లో లెక్క తీస్తే 9% తగ్గింది, అసలుతో పాటు ఏడాదికి 3% పైచిలుకు రాబడి కూడా వచ్చింది. మీ పనికి దగ్గరగా ఉన్నది మాత్రం న్యూకాసిల్‌లో 2015లో మొదలుపెట్టిన వేస్ టు వెల్‌నెస్. దీర్ఘకాలిక జబ్బులున్న 40–74 ఏళ్ళవాళ్ళకు డాక్టరు మందులతో సరిపెట్టకుండా ఒక లింక్ వర్కర్ని జతచేసేవాడు, ఆ మనిషి వాళ్ళని నడకకో, ఏదైనా బృందంలోకో, అప్పుల సలహాకో దారి చూపించేది. కొలిచినవి రెండు: తన బతుకు ఎలా ఉందని మనిషి తనే వేసుకున్న మార్కులు, ఆసుపత్రి ఖర్చు. ఆ ఖర్చును కూడా అదే నగరంలో ఈ సేవ లేని ప్రాంతంతో పోల్చారు. మిమ్మల్ని దేంతో పోలుస్తారో ముందు అది అడగండి, మిగతావన్నీ తర్వాత.

రెండో షిఫ్ట్:
నేను ఇలాంటి దాంట్లోనే రెండేళ్ళు ఇంటింటికీ తిరిగాను, సంస్థ పేరు వద్దులెండి. ట్యాబ్‌లో డబ్ల్యూహెచ్‌ఓ–5 అని, మనసు ఎంత బాగుందో కొలిచే ఐదు ప్రశ్నలుండేవి. గత రెండు వారాల్లో హుషారుగా ఉన్నారా, నిద్ర లేచాక తేరుకున్నట్టుందా, అలాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తాన్ని 4తో హెచ్చిస్తే వందకు స్కోరు. మొదటిరోజు ఒక పెద్దావిడ నన్ను గుమ్మంలోనే కూర్చోబెట్టి, అన్నిటికీ "బాగానే ఉన్నానమ్మా" అంది. 72 వచ్చింది. కొత్తవాళ్ళ ముందు ఎవరు మాత్రం ఏడుస్తారు? ఆర్నెల్లకు నన్ను లోపలికి పిలిచి, ట్యాబ్ పక్కన పెట్టించి, కొడుకు ఫోన్ చెయ్యడం మానేశాడని అప్పుడు చెప్పింది. స్కోరు 48. నా దృష్టిలో అది మేం సాధించిన గొప్ప పని, కాగితం మీద మాత్రం ఫెయిల్! అందుకే మొదటి స్కోరు మొదటిరోజే తీయొద్దు, కనీసం మూడోసారి వెళ్ళినప్పుడు తీస్తామని రాయించుకోండి.

చిన్న మదుపరి:
నేను అవతలి పక్క. ఒక ఆరోగ్య ఫండ్‌లో కొంచెం పెట్టాను, అసలు వచ్చింది కానీ చెప్పిన గడువు దాటి ఏడాదిన్నరకు. కోపం రాలేదు కానీ "నష్టం మాదే" అనే మాటను మాత్రం అంత తేలిగ్గా నమ్మకండి. న్యూయార్క్‌లోని రైకర్స్ ఐలాండ్ జైల్లో కుర్రాళ్ళు మళ్ళీ జైలుకు రాకుండా చూసే కార్యక్రమానికని 2012లో గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు 72 లక్షల డాలర్లు అప్పిచ్చింది. 2015 నాటికి ఏ మార్పూ లేదని తేలి ఆపేశారు. కానీ అందులో 60 లక్షలకు బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రపీస్ పూచీ ఉంది, అంటే బ్యాంకుకు పోయింది 12 లక్షలే. మీ దాంట్లో వెనక పూచీ ఎవరో, మధ్యలో ఆపే హక్కు ఎవరికుందో చూడండి. ఆపేస్తే వాళ్ళు వేరే ప్రాజెక్టుకు పోతారు, మీ ముసలివాళ్ళ దగ్గరికి ఎవరు పోతారు?

లెక్కల పిచ్చి:
అది మరీ ఏకపక్షంగా ఉంది సార్. పూచీ ఇచ్చింది దాతృత్వ సంస్థే కదా, ఆ డబ్బు ఎలాగూ దానానికే ఉంది. పైగా పని చెయ్యని కార్యక్రమాన్ని నిజాయితీగా ఆపేశారు, గ్రాంట్ అయితే ఇంకో ఐదేళ్ళు నడిచేది.

రెండో షిఫ్ట్:
ఆపడం సరే, ముందు ఎవర్ని చేర్చుకుంటారన్నది మాట్లాడరేం. కాటరాక్ట్ ఆపరేషన్ అయితే చేశామా లేదా అన్నది తేలిపోతుంది, 2018లో కామెరూన్‌లో కంటి ఆసుపత్రికి అలాగే బాండ్ కుదిరింది. ఒంటరితనం అలా కాదు. మా దగ్గర టార్గెట్ దగ్గరపడే కొద్దీ, మంచం దిగలేనివాళ్ళ పేర్లు "తర్వాతి విడత"లోకి వెళ్ళిపోయేవి. ఎవరూ చెప్పలేదు, మేమే నేర్చుకున్నాం. సిగ్గుగానే ఉంది.

మూడో అంతస్తు:
మీ అందరివీ చదివి ఫండ్ వాళ్ళిచ్చిన ఒప్పందం డ్రాఫ్ట్ మళ్ళీ తీశాను. పోలిక గురించి ఒక్క ముక్క లేదు. ఇంకోటి, చివరి స్కోరు దొరకని ప్రతి మనిషినీ "ఫలితం రానివారు" కిందే లెక్కిస్తారట. మా జాబితాలో సగం మంది ఎనభై దాటినవాళ్ళు, మూడేళ్ళలో కొందరు వెళ్ళిపోతారు కదండీ. అంటే చివరిదాకా పక్కనుండి చూసుకున్నవాళ్ళు కూడా మా ఖాతాలో వైఫల్యాలేనా? ఆ క్లాజు మారిస్తేనే మాట్లాడదామని రేపు ఫోన్ చేస్తున్నాను. ఇలాంటిది ఎవరైనా మార్పించారా, ఏ మాటలు వాడారు?